'క్రాష్'కు ఎడిటింగ్ అవార్డు చాలు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో జాతి వివక్ష మీద వచ్చిన గొప్ప హాలీవుడ్ సినిమాల జాబితా వేసి, అందులో 'క్రాష్'కు మొదటి స్థానం ఇచ్చారు. అందుకు వ్యాసంలో చూపిన కారణం ఒక్కటే, దానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చిందని. ఆ సినిమాలో ఏముందో, ఆ ఆస్కార్ ఎలా వచ్చిందో వివరంగా చూస్తే మొదటి స్థానం కాదు కదా, ఆ జాబితాలో చోటు కూడా అనుమానమే. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. అందుకే ఉత్తరం కాస్త పొడవైంది, మన్నించి పూర్తిగా ప్రచురించగలరు.

పాల్ హాగిస్ దర్శకత్వం వహించి, బాబీ మొరెస్కోతో కలిసి రాసిన ఈ సినిమాను 2004 సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో మొదట ప్రదర్శించారు. లయన్స్‌గేట్ కొనుక్కుని 2005 మేలో అమెరికాలో విడుదల చేసింది. 65 లక్షల డాలర్లతో తీసిన చిన్న సినిమా ప్రపంచవ్యాప్తంగా తొమ్మిది కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. 2006 మార్చి 5న జరిగిన 78వ ఆస్కార్ వేడుకలో ఆరు నామినేషన్లకు మూడు అవార్డులు గెలిచింది. ఉత్తమ చిత్రం, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే, ఉత్తమ ఎడిటింగ్. వీటిలో ఎడిటింగ్ అవార్డు న్యాయంగా వచ్చిందే. మిగతా రెండింటితోనే పేచీ.

ముందు మంచి చెప్పుకుందాం. కథ లాస్ ఏంజెలెస్‌లో దాదాపు ఒకటిన్నర రోజులో జరుగుతుంది. డజనుకు పైగా ముఖ్య పాత్రలు, నిడివి 112 నిమిషాలు. ఇలాంటి సినిమాను కూర్చడంలో పెద్ద చిక్కు ఏమిటంటే, ఒక పాత్ర తెర మీద నుంచి వెళ్లి ఇరవై నిమిషాల తర్వాత తిరిగొస్తే ప్రేక్షకుడు ఆ మనిషిని, అతని కోపాన్ని, అతను ఎక్కడ ఆగాడన్నదాన్ని తక్షణం గుర్తుపట్టాలి. చాలామంది ఎడిటర్లు భయపడి అన్ని కథలకూ వంతులవారీగా సమాన సమయం పంచుతారు. అప్పుడు సినిమా హాజరుపట్టీ పిలిచినట్టు సాగుతుంది. ఈ సినిమా ఎడిటర్ హ్యూస్ విన్‌బోర్న్ ఆ పని చేయలేదు. కొన్ని పాత్రలను ముక్కలు ముక్కలుగా చూపించి వదిలేశాడు. ట్రాఫిక్ పోలీసులు కారు ఆపే సన్నివేశానికి మాత్రం దానికి కావలసినంత నిడివి ఇచ్చాడు, మధ్యలో వేరే కథకు కోసి మనకు ఊపిరి అందనివ్వలేదు. ఒకచోట గొడవ మధ్యలో ప్రవేశించి, ఆ గొడవ తేలకముందే ఇంకోచోటికి తీసుకెళ్లాడు. ఈ స్క్రీన్‌ప్లే మొదటిసారి చూసినప్పుడు గొప్పగా అనిపించడానికి సగం కారణం ఆ కత్తిరింపే.

రెండోసారి చూస్తే లెక్క బయటపడుతుంది. ప్రతి పాత్రకూ రెండు సన్నివేశాలు. ఒకదాంట్లో చెడ్డగా ఉంటాడు, ఇంకోదాంట్లో మంచిగా ఉంటాడు. లేదంటే ముందు మంచి, తర్వాత చెడు. పోలీసు అధికారి రయాన్ (మాట్ డిలన్) మొదట దుర్మార్గం చేసి, మర్నాడు ప్రాణాలు కాపాడతాడు. అతని పక్కన ఉండే యువ పోలీసు హాన్సన్ (రయాన్ ఫిలిప్) మొదట నీతిమంతుడు, చివరికి ఒక నల్లజాతి యువకుణ్ణి కాల్చి చంపుతాడు. జిల్లా అటార్నీ భార్య జీన్ (సాండ్రా బుల్లక్) మొదట ఇంట్లో అందరి మీదా విరుచుకుపడి, మెట్ల మీద నుంచి జారిపడ్డాక పనిమనిషిని కౌగిలించుకుని నువ్వే నాకు ప్రాణ స్నేహితురాలివంటుంది. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే తర్వాతి సన్నివేశం ఏమిటో ముందే చెప్పేయొచ్చు.

లెక్క ఉండటమే తప్పని కాదు. ఏ కథకైనా ఏదో ఒక కట్టుబాటు ఉంటుంది. ఈ లెక్క జాతి వివక్ష గురించి ఏం చెబుతోందన్నదే ప్రశ్న. అందరిలోనూ ద్వేషం ఉంది, అందరిలోనూ మంచి ఉంది, కాబట్టి అందరూ సమానమే అంటోంది. ఇనప బ్యాడ్జీ, తుపాకీ, అరెస్టు చేసే అధికారం ఉన్నవాడి ద్వేషమూ, అతని ఎదుట చేతులు తల వెనక పెట్టుకుని నిలబడ్డవాడి ద్వేషమూ ఒకే తూకంలో పడతాయి. ఈ సినిమాకు నా ప్రధాన అభ్యంతరం ఇదే.

రయాన్ కథను దగ్గరగా చూడండి. మొదట అతను ఫోన్‌లో ఆరోగ్య బీమా సంస్థ ఉద్యోగినితో గొడవపడుతుంటాడు. తండ్రికి మూత్ర సమస్య, రాత్రుళ్లు నిద్ర లేదు, డాక్టరు సరిగా చూడటం లేదు. ఆమె పేరు షనీక్వా అని వినగానే వెటకారం చేస్తాడు. ఆ కోపంతోనే రోడ్డెక్కి, ఒక లింకన్ నావిగేటర్ కారును ఆపుతాడు. దొంగతనానికి గురైన కారు నంబరు ఇది కాదని పక్కనున్న హాన్సన్ అప్పటికే చెప్పాడు. కారులో ఉన్నది టీవీ దర్శకుడు కామెరాన్ (టెరెన్స్ హోవర్డ్), అతని భార్య క్రిస్టీన్ (తాండీ న్యూటన్). నల్లజాతి దంపతులు. ఆయుధం వెతికే నెపంతో రయాన్ ఆమె ఒంటి మీద చేతులు వేస్తాడు, భర్త కళ్లముందే. ఆ తర్వాత భర్త చేత క్షమాపణ చెప్పించుకుని వదిలేస్తాడు.

అమెరికా సుప్రీంకోర్టు 1968లో 'టెర్రీ వర్సెస్ ఒహాయో' కేసులో గీసిన గీత ఒకటుంది. ఎదుటి మనిషి దగ్గర ఆయుధం ఉందని, ప్రమాదం ఉందని సహేతుకమైన అనుమానం ఉంటేనే పోలీసు పైపైన తడిమి చూడాలి. నంబరు వేరు అని తెలిసిన కారు, వేడుక నుంచి తిరిగొస్తున్న బట్టల్లో ఉన్న స్త్రీ. ఇక్కడ అనుమానానికి తావే లేదు. అంటే రయాన్ చేసింది చిరాకు కాదు, యూనిఫాం వేసుకుని చేసిన నేరం. స్క్రీన్‌ప్లే దాన్ని నేరంగా ఒక్క నిమిషం కూడా పరిగణించదు. ఫిర్యాదు లేదు, విచారణ లేదు. ఆ రాత్రి ఇంట్లో ఆ దంపతుల మధ్య జరిగే గొడవ మాత్రం ఈ సినిమాలో అన్నిటికంటే నిజాయతీగా రాసిన సన్నివేశం. నువ్వెందుకు నోరు మెదపలేదని ఆమె నిలదీస్తుంది. తను నోరు విప్పితే ఏమయ్యేదో అతనికి తెలుసు. తమను అవమానించినవాణ్ణి ఏమీ చేయలేక ఆ కోపాన్ని ఒకరి మీద ఒకరు తీర్చుకోవడం, ఆమె అనరాని మాటలు అనడం, ఇదంతా రయాన్ సొంత కోపం గొడవ కాదు. అతని వెనక ఉన్న బలం వాళ్ల పడకగదిలోకి కూడా వచ్చేసింది. సినిమా ఇక్కడే ఉండి ఇంకా లోతుకు వెళ్లి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

వెళ్లలేదు. మర్నాడు క్రిస్టీన్ కారు బోల్తాపడుతుంది. పెట్రోలు కారుతుంటుంది. దాదాపు 38 లక్షల జనాభా, తొమ్మిది వేల మంది దాకా పోలీసులు ఉన్న నగరంలో ఆమెను కాపాడటానికి కారులోకి పాకేది సరిగ్గా రయానే. అతణ్ణి గుర్తుపట్టి ఆమె కేకలు పెడుతుంది, దగ్గరికి రావద్దంటుంది. అతను తగ్గి మాట్లాడతాడు, బెల్టు విప్పడానికి చెయ్యి చాపాలంటూ అనుమతి అడుగుతాడు. బెల్టు ఊడదు, కత్తితో కోస్తాడు. మంట అంటుకునే సమయానికి తోటి పోలీసులు అతని కాళ్లు పట్టి బయటకు లాగితే మళ్లీ లోపలికి దూరి ఆమెను బయటకు తెస్తాడు. చిత్రీకరణ, కూర్పు, సంగీతం, ఇద్దరి నటన, అన్నీ అద్భుతం. హాల్లో కన్నీళ్లు పెట్టుకున్నవారిని తప్పుపట్టను.

కాని కథలు రాసేవాళ్లందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది. యాదృచ్ఛికం పాత్రను కష్టంలోకి నెట్టొచ్చు, కష్టంలోంచి గట్టెక్కించకూడదు. ఇక్కడ ప్రమాదం క్రిస్టీన్‌ది, గట్టెక్కింది రయాన్. అతను మారాల్సిన పని లేకుండా, తప్పు ఒప్పుకోవాల్సిన పని లేకుండా, శిక్ష పడే పని అసలే లేకుండా ఒక మంటల కారు అతని ఖాతా సరిచేసేసింది. ఆమె ఏమనుకుంటోందో తర్వాత సినిమా అడగదు. అతను తండ్రిని ఒడిలోకి తీసుకుని ఓదార్చడం మాత్రం చూపిస్తుంది. నిన్న రాత్రి చేసిన పనికి జవాబుదారీ ఎవరన్న ప్రశ్న అలా గాల్లో కలిసిపోతుంది.

రయాన్ కోపానికి స్క్రీన్‌ప్లే ఇచ్చిన కారణమూ చూడాలి. తండ్రికి పారిశుద్ధ్య సంస్థ ఉండేదని, అందులో నల్లజాతివారికే ఉద్యోగాలిచ్చాడని, నగరం మైనారిటీల సంస్థలకు కాంట్రాక్టులివ్వాలని నిర్ణయించడంతో అంతా పోయిందని షనీక్వా ముందు చెబుతాడు. ఈ ఆరోపణకు సినిమాలో ఎవరూ జవాబు చెప్పరు. కాలిఫోర్నియాలో ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జాతి ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వడాన్ని 1996 నవంబరులో ప్రొపొజిషన్ 209 అనే ప్రతిపాదనకు నేరుగా ఓటేసి ఓటర్లే నిషేధించారు. సినిమా విడుదలయ్యే నాటికి ఆ నిషేధానికి ఎనిమిదేళ్లు దాటాయి. కథ జరుగుతున్నది ఆ రాష్ట్రంలోనే. ఈ వాస్తవం ఒక్క వాక్యంలో ఇరికించినా తూకం మారిపోయేది. పోలీసు మనోవేదనకు మాత్రం పూర్తి పేరా దొరికింది.

ఇదంతా ఏ ఊరి గురించి తీశారో మరవకూడదు. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను లాఠీలతో కొట్టారు, ఒక స్థానికుడు దాన్ని వీడియో తీశాడు. 1992 ఏప్రిల్ 29న, నల్లజాతివారు ఒక్కరూ లేని జ్యూరీ ఆ పోలీసులను దాదాపు అన్ని అభియోగాల నుంచీ విడిచిపెట్టింది. నగరం తగలబడింది, 60 మందికి పైగా చనిపోయారు, నష్టం వంద కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 1990ల చివర్లో ర్యాంపార్ట్ విభాగం పోలీసులు తప్పుడు సాక్ష్యాలు సృష్టించడం బయటపడింది. 2001లో కేంద్ర న్యాయశాఖతో ఒప్పందం కుదిరి, పోలీసు శాఖ కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది. ఆపిన వాహనాల డ్రైవర్ల జాతి వివరాలు నమోదు చేయడం కూడా ఆ ఒప్పందంలో భాగం. అంటే 'క్రాష్' తీస్తున్నప్పుడు, రయాన్ లాంటివాడు కామెరాన్ లాంటివాడి కారు ఆపితే దానికో కాగితం ఉండాలి. తెర మీద ఆ కాగితం ఊసే లేదు. లెఫ్టినెంట్ డిక్సన్ పాత్ర ఒక్కటే సంస్థను తాకుతుంది. భాగస్వామిని మార్చమని హాన్సన్ అడిగితే, జాత్యహంకారి అని ఫిర్యాదు రాస్తే నా ఉద్యోగం కూడా పోతుంది, కడుపు ఉబ్బరం వల్ల ఒంటరిగా తిరగాలని రాసివ్వమంటాడు ఆ నల్లజాతి అధికారి. బాగా రాసిన సన్నివేశమే. దాన్ని కూడా నవ్వుకు వాడుకుని వదిలేశారు.

ఇక ఆంథొనీ, పీటర్. రెస్టారెంటులో తమకు సరిగ్గా వడ్డించలేదని, వీధిలో తమను చూసి తెల్లావిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుందని ఆంథొనీ (లుడాక్రిస్) వాపోతాడు. ఆ మాటలు విని మనం తలూపేలోపే ఇద్దరూ తుపాకులు తీసి అదే దంపతుల కారు లాక్కుంటారు. ఈ మలుపు ప్రేక్షకులను ఉలిక్కిపడేలా చేస్తుందని చాలామంది మెచ్చుకున్నారు. కాని దాని పర్యవసానం ఏమిటి? ఆవిడ భయం నిజమని రుజువైంది. మర్యాదగా నడిచిపోతున్న ఇద్దరు నల్లజాతి యువకులను చూసి చేతిసంచి దాచుకునేవాళ్లందరికీ సినిమా ఒక సమర్థన అందించింది. ఆ తెల్లావిడే జీన్. తర్వాత ఆమె ఇంట్లో తాళాలు మార్చడానికి వచ్చిన డేనియల్ (మైఖేల్ పేన్యా) విషయంలో ఆమె అనుమానం తప్పని తేలుతుంది, నిజమే. మొదటి దెబ్బకు అది విరుగుడు అనుకోవాలి. ఒకటి అటు, ఒకటి ఇటు. మళ్లీ అదే లెక్క.

డేనియల్ కథలో చివరి మలుపు ఇంకా దిగజారింది. ఇరాన్ నుంచి వచ్చిన దుకాణదారుడు ఫర్హాద్, తాళం బాగుచేసినా తలుపే మార్చాలని డేనియల్ చెబితే వినడు. దుకాణం దోపిడీకి గురవుతుంది, బీమా సంస్థ డబ్బు ఇవ్వనంటుంది, ఇతను తుపాకీ తీసుకుని డేనియల్ ఇంటికి వెళ్తాడు. అయిదేళ్ల పాప తండ్రి మీదికి దూకుతుంది, తుపాకీ పేలుతుంది, పాపకు ఏమీ కాదు. ఎందుకంటే ఫర్హాద్ కూతురు కొన్నది తూటా లేని ఉత్తి తోటాలు. ఆ పాపకు తండ్రి కప్పిన కనిపించని వస్త్రం కథ ముందే చెప్పారు కాబట్టి మహిమలా కనిపిస్తుంది. ఉత్తి తోటాలో కూడా మందు ఉంటుంది, నిప్పు రాజుకునే క్యాప్ ఉంటుంది, ముందు భాగాన తూటా మాత్రం ఉండదు. గొట్టం మొదట్లో వెలువడే వేడి వాయువు అతి దగ్గరలో మనిషి ప్రాణం తీయగలదు. 1984లో ఒక టీవీ నటుడు షూటింగు విరామంలో ఉత్తి తోటా ఉన్న తుపాకీ తలకు ఆనించి పేల్చుకుని చనిపోయాడు. హాలీవుడ్‌లో ఆయుధాల విభాగంలో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతి. అంత దగ్గర నుంచి పేలినా పాప ఒంటి మీద మసి కూడా అంటలేదు. ఇది చిన్న పొరపాటని కొట్టిపారేయొచ్చు, కాని హాన్సన్ చేసిన హత్య తప్పిస్తే సినిమా మొత్తం ఇలాగే నడుస్తుంది. ద్వేషం తుపాకీ పట్టుకుని వచ్చినా ఎవరికీ గాయం కాకుండా ఒక ఏర్పాటు ముందే చేసి ఉంటుంది.

ఆసియావాసుల పాత్రల విషయానికొస్తే మాటలు తగ్గించడమే మంచిది. తూర్పు ఆసియా దంపతులు మనుషుల్ని వ్యాన్లో కుక్కి అమ్మే వ్యాపారులు. ఆ వ్యాన్లో ఉన్నవాళ్లకు పేర్లు కూడా లేవు. ఆంథొనీ వాళ్లను వదిలేసి పుణ్యం కట్టుకోవడానికి తప్ప వాళ్లు కథలో ఎందుకూ లేరు. ఇదే లాస్ ఏంజెలెస్‌లో 1991 మార్చి 16న, 1.79 డాలర్ల నారింజ రసం సీసా దొంగిలిస్తోందని అనుమానించి కొరియన్ దుకాణదారు 15 ఏళ్ల నల్లజాతి బాలికను వెనకనుంచి తలలోకి కాల్చింది. బాలిక చేతిలో డబ్బులున్నాయి. జ్యూరీ దోషి అన్నది, న్యాయమూర్తి మాత్రం జైలుకు పంపలేదు. అయిదేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 500 డాలర్ల జరిమానా. మరుసటి ఏడాది అల్లర్లలో రెండువేలకు పైగా కొరియన్ల దుకాణాలు ధ్వంసమయ్యాయి, పోలీసులు ఆ వీధుల వైపు రాలేదు. దుకాణదారు, తుపాకీ, పిల్ల, దోపిడీ. ఫర్హాద్ కథలో ఈ సామగ్రి అంతా ఉంది. ఆ ఊరి చరిత్ర తీసేసి కనిపించని వస్త్రం కప్పారు.

సినిమా మొదట్లోనే డిటెక్టివ్ గ్రాహమ్ (డాన్ చీడిల్) ఈ ఊళ్లో ఎవరూ ఎవర్నీ తాకరని, ఆ స్పర్శ కోసమే కార్లు గుద్దుకుంటామని అంటాడు. లాస్ ఏంజెలెస్‌లో మనుషులు దూరందూరంగా ఉండటానికి కారణం కార్లు కావు. ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లజాతివారికి అమ్మరాదని రాసుకునేవారు. 1948లో సుప్రీంకోర్టు అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని చెప్పేదాకా అది సాగింది. 1930ల్లో కేంద్ర సంస్థ గీసిన పటాల్లో నల్లజాతివారున్న వీధులకు ఎర్రరంగు పులిమి, అక్కడ ఇంటి రుణం ఇవ్వడం ప్రమాదమని ముద్ర వేశారు. 1964లో కాలిఫోర్నియా ఓటర్లు ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టాన్నే ప్రొపొజిషన్ 14తో పక్కన పెట్టారు. మరుసటి ఆగస్టులో వాట్స్ ప్రాంతంలో అల్లర్లు చెలరేగి 34 మంది చనిపోయారు. స్పర్శ కరువై ఎవరూ అక్కడ చావలేదు.

మరి ఇంత లోపభూయిష్టమైన సినిమాకు అంత పెద్ద అవార్డు ఎలా వచ్చింది? ఆ సంవత్సరం ఉత్తమ చిత్రానికి పోటీపడ్డవి అయిదు. 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్', 'కపోటీ', 'గుడ్ నైట్ అండ్ గుడ్ లక్', 'మ్యూనిక్', 'క్రాష్'. అప్పటి పద్ధతిలో, ఆస్కార్లు ఇచ్చే అకాడమీలో ఒక్కో సభ్యుడు ఒక్క సినిమాకే ఓటు వేయాలి, ఎక్కువ ఓట్లు వచ్చినదే విజేత. అయిదువేల ఓట్లు పోలయ్యాయనుకుంటే సిద్ధాంతరీత్యా 1,001 ఓట్లతో గెలవొచ్చు. సభ్యుల్లో సగం మందికి నచ్చి ఉండాల్సిన అవసరమే లేదు. అకాడమీ ఓట్ల వివరాలు బయటపెట్టదు కాబట్టి ఎన్ని వచ్చాయో ఎవరూ చెప్పలేరు. 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' అప్పటికి వెనిస్‌లో గోల్డెన్ లయన్, గోల్డెన్ గ్లోబ్, బ్రిటన్ వారి బాఫ్టా, నిర్మాతల సంఘం, దర్శకుల సంఘం అవార్డులు గెలుచుకుని ఉంది. ఆ ఆస్కార్ రాత్రే ఆంగ్ లీకి ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది. 'క్రాష్' గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ డ్రామా చిత్రం నామినేషన్లలో కూడా లేదు.

లయన్స్‌గేట్ చేసిన పని ఏమిటంటే, నటుల సంఘం సభ్యులందరికీ డీవీడీలు పంపడం. లక్షకు పైగా డిస్కులు. అప్పట్లో అలా సభ్యులందరికీ పంపడం అలవాటు లేదు. నటుల సంఘం ఉత్తమ తారాగణం అవార్డు 'క్రాష్'కు ఇచ్చింది. అకాడమీలో కూడా నటుల విభాగమే అన్నిటికంటే పెద్దది. పైగా సినిమా నిండా నటులు, ఒక్కొక్కరికీ ఒక పెద్ద సన్నివేశం. కథ జరిగేది ఓటర్లలో ఎక్కువమంది ఉండే ఊళ్లోనే. లాస్ ఏంజెలెస్ టైమ్స్ 2012లో జరిపిన పరిశీలనలో అకాడమీ సభ్యుల్లో 94 శాతం తెల్లజాతివారని, 77 శాతం పురుషులని, మధ్యగత (మీడియన్) వయసు 62 అని తేలింది. ఆరేళ్ల ముందు ఇంతకంటే వైవిధ్యం ఉండి ఉంటుందనుకోవడానికి ఆధారం లేదు. ద్వేషం అందరిలోనూ సమానమే, ఒక మంచి పనితో ఖాతా సరిపోతుంది అని చెప్పే సినిమా ఆ ఓటరుకు ఎంత ఊరటనిస్తుందో వేరే చెప్పాలా?

మీ వ్యాసకర్త ఒక వాదన చేశారు. ఎన్ని లోపాలున్నా ఈ సినిమా మామూలు ప్రేక్షకుల చేత జాతి గురించి మాట్లాడించింది కదా అని. విమర్శకుడు రోజర్ ఈబర్ట్ కూడా దీన్ని ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఎంచుకుని, మనుషుల్ని కొంతైనా మెరుగుపరచగలదని సమర్థించారు. ఈబర్ట్ మీద గౌరవంతోనే అంటున్నాను, మాట్లాడించడం ఒక్కటే కొలబద్ద అయితే ఏం మాట్లాడించిందో కూడా చూడాలి. మనందరం కాస్తో కూస్తో జాత్యహంకారులమే అన్న చోటికి ఆ చర్చ వచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి పోలీసు శాఖ, ఇంటి రుణం, కోర్టు తీర్పు అనే విషయాలకు దారి లేదు. రచయిత టా-నెహిసి కోట్స్ ఈ సినిమాను ఆ దశాబ్దంలోకెల్లా అధ్వానమైనదని 2009లో రాశాడు. అంత దూరం నేను వెళ్లను, ఎడిటింగూ నటనా అందుకు ఒప్పుకోనివ్వవు. 2015లో హాగిస్‌నే అడిగితే, ఆ ఏటి ఉత్తమ చిత్రం తనదని అనుకోవడం లేదని సూటిగా చెప్పాడు.

మీ జాబితాలో రెండో స్థానంలో ఉన్న 'గ్రీన్ బుక్' గురించి కూడా కొంచెం. 2019 ఫిబ్రవరిలో దీనికి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చేనాటికి ఓటింగు పద్ధతి మారింది. 2009 సినిమాల నుంచీ సభ్యులు నామినేషన్లన్నిటికీ 1, 2, 3 అంటూ వరుస ఇవ్వాలి. ఎవరికీ సగానికి మించి మొదటి ఓట్లు రాకపోతే అడుగున ఉన్న సినిమాను తీసేసి, ఆ ఓట్లను వాటిపై రాసిన తర్వాతి ఎంపికకు కలుపుతారు. సగం దాటేదాకా ఇలా సాగుతుంది. ఈ పద్ధతిలో కొందరు ప్రాణంగా ప్రేమించి, కొందరు అసహ్యించుకునే సినిమా ఓడిపోతుంది. ఎవరినీ నొప్పించక చాలామంది కాగితాల మీద రెండో మూడో స్థానంలో నిలిచేది గట్టెక్కుతుంది. ఎనిమిది సినిమాల పోటీలో 'గ్రీన్ బుక్' లాంటి దానికి ఇది అచ్చంగా సరిపోయే పద్ధతి. పియానో విద్వాంసుడు డాన్ షర్లీ 1962 పర్యటన కథను, అతని డ్రైవరు కొడుకు సహరచయితగా, డ్రైవరు వైపు నుంచే చెప్పారు. తమను సంప్రదించలేదని, అతన్ని కుటుంబానికి దూరమైనవాడిగా చూపడం అబద్ధమని షర్లీ కుటుంబం అభ్యంతరం చెప్పింది. ఆ పాత్ర చేసిన మహర్షలా అలీ వారికి ఫోన్ చేసి క్షమాపణ కోరాడు. నల్లజాతి ప్రయాణికులు ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో చెప్పే 'గ్రీన్ బుక్' అనే పుస్తకాన్ని 1936లో మొదలుపెట్టిన హార్లెమ్ పోస్ట్‌మన్ విక్టర్ హ్యూగో గ్రీన్ గురించి, తన పేరు పెట్టుకున్న సినిమాలో ఏమీ లేదు.

ఇలా జరగడం మొదటిసారి కూడా కాదు. 1989 సినిమాలకు అవార్డులిచ్చిన ఏడాది ఉత్తమ చిత్రం 'డ్రైవింగ్ మిస్ డైసీ'. ముసలి యజమానురాలికీ నల్లజాతి డ్రైవరుకూ మధ్య పాతికేళ్ల స్నేహం. అదే ఏడాది స్పైక్ లీ తీసిన 'డూ ద రైట్ థింగ్'కు ఉత్తమ చిత్రం నామినేషనే లేదు. బ్రూక్లిన్‌లో ఒక వీధి, ఒక పిజ్జా దుకాణం, మండే ఎండలో ఒక రోజు. అక్కడ కూడా అందరూ అందరినీ తిట్టుకుంటారు, ఒక్కొక్కరు కెమెరాకేసి చూస్తూ ఇంకో జాతిని బూతులు తిట్టే వరస ఉంది. 'క్రాష్' చెప్పదలచుకున్న మాట అంతా ఆ కొద్ది నిమిషాల్లో ఉంది. కాని స్పైక్ లీ అక్కడ ఆగలేదు. గొడవ ముదిరినప్పుడు దుకాణదారుకు దెబ్బలు తగులుతాయి, పోలీసు లాఠీ గొంతుకు నొక్కుకుని చచ్చిపోయేది మాత్రం నల్లజాతి యువకుడు రేడియో రహీం. తిట్లలో సమానత్వం ఉండొచ్చు, చావులో లేదని చూపించాడు. దీన్ని ఎవరో కాపాడి ఖాతా సరిచేయరు. ఆ వేడుక వేదిక మీదే నటి కిమ్ బేసింగర్ ఈ సినిమా పోటీలో లేకపోవడాన్ని అందరి ముందూ తప్పుపట్టింది.

అకాడమీకి చేతకాదనీ అనలేం. స్టీవ్ మెక్‌క్వీన్ తీసిన 'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్'కు 2014లో అదే అవార్డు ఇచ్చింది. అందులో బానిసను ఉరితాడుకు వేలాడదీసి, కాలి మునివేళ్లు బురదలో ఆని ప్రాణం నిలుపుకుంటుండగా వెనక తోటలో జనం తమ పనులు తాము చేసుకుపోయే షాట్ ఒకటి నిమిషానికి పైగా కదలకుండా నిలబడుతుంది. రక్షించడానికి తోటి బానిస ఎవరూ సాహసించరు. వ్యవస్థను తెర మీద చూపడమంటే అది.

కాబట్టి ఆ జాబితాను సవరించి మళ్లీ వేయండి. 'డూ ద రైట్ థింగ్'ను మొదట పెట్టండి. 'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్'ను చేర్చండి. 'క్రాష్'ను ఉంచదలిస్తే ఎడిటింగు గురించిన వేరే వ్యాసంలో ఉంచండి. అప్పుడు తాండీ న్యూటన్ గురించి కూడా రెండు వాక్యాలు రాయండి. కారు ఆపిన రాత్రి, ఇంట్లో గొడవ, మంటల్లోంచి బయటపడ్డాక వెనక్కి తిరిగి రయాన్ వైపు చూసిన ఆ చూపు, ఈ మూడింటికీ బాఫ్టా ఆమెకు ఉత్తమ సహాయ నటి అవార్డు ఇచ్చింది. ఆరు నామినేషన్లిచ్చిన ఆస్కార్‌లో ఆమె పేరు లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు